ఏడవ అధ్యాయము: డేటాబేసు పలుకనప్పుడు

నిన్నటి సాయంకాలము వరకు నిర్విఘ్నముగా నడచిన వెబ్ అప్లికేషను ఈ ఉదయము డేటాబేసుతో సంబంధము కోల్పోయి తెరనిండ దోషసందేశములను పరచినప్పుడు, దానిని కనిపెట్టుకొనియుండు ఇంజనీరు మనస్సున ముందుగా పుట్టునది జిజ్ఞాస కాదు, భయము. భయము పుట్టినంతనే చేతులు కదలును. చేతులు కదలినంతనే కన్నులు చదువుట మానును. పాస్‌వర్డు మార్చి చూచువారు కొందరు, సర్వరును ఆపి మరల ప్రారంభించువారు కొందరు, ఎవరో ఎన్నడో వేరొక సందర్భమున సూచించిన నాలుగు పంక్తులను తెచ్చి తమ కాన్ఫిగరేషను ఫైలులో యథాతథముగా అతికించువారు మరికొందరు. అరగంట గడచునప్పటికి మొదటినుండి యున్న దోషమేదో, తాము కొత్తగా కల్పించుకొన్న దోషమేదో వేరుచేయుట వారికే అసాధ్యమగును. డేటాబేసుతో కనెక్షను కుదుర్చు కోడు ఎట్లు వ్రాయవలెనో అమీర్‌పేటలోని శిక్షణాలయములలో చక్కగానే నేర్పుదురు. అది కుదరనప్పుడు ఎట్లు ఆలోచింపవలెనో మాత్రము ఎవరికి వారు అర్ధరాత్రి వేళ నేర్చుకొనవలసి వచ్చుచున్నది. ఈ అధ్యాయము ఆ రెండవ విద్యను గురించినది.

దోషసందేశములు ఎంత కటువుగా కనబడినను వానికొక సుగుణము కలదు. అప్లికేషను చేసిన ప్రయాణము ఏ తావున ఆగిపోయినదో అవి దాదాపు ఎల్లప్పుడును నిజమే చెప్పును. ఎందుచేత ఆగినదో చెప్పజాలవు. అది విచారించి తెలిసికొనుట మన పని. కావున మొదట చేయవలసినది సందేశమును తుదివరకు చదువుట. ఇది చిన్నపిల్లలకు చెప్పు మాటవలె తోచవచ్చును గాని, జావా అప్లికేషనులలో ఒక దోషము అరువది డెబ్బది పంక్తులుగా పరచుకొని వచ్చునప్పుడు పై రెండు పంక్తులు చూచి విడిచిపెట్టని వారు నాకు అరుదుగా కనబడినారు. అసలు కారణమును చెప్పు పంక్తి సాధారణముగా అడుగున, ‘కాజ్డ్ బై’ అను మాటలతో ఆరంభమగు చివరి ఖండమున ఉండును. దాని మీద ఉన్నదంతయు ఒక పొర చెప్పినదానిని మరియొక పొర తన మాటలతో మరల చెప్పుటయే. వర్డ్‌ప్రెస్ వంటివి సామాన్య పాఠకునకు కలవరము కలుగకుండుటకై ‘ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్’ అను ఒకే వాక్యమును చూపి ఊరకుండును. ఆ వాక్యమునుబట్టి ఏమియు ఊహింపరాదు, సర్వరు లాగులోనికి పోయి అసలు మాటను వెదకి తీయవలెను. తీసిన సందేశమును, అది వచ్చిన గడియను, వేరొకచోట భద్రపరచిన పిమ్మటనే మరి దేనినైనను ముట్టవలెను. సర్వరును రీస్టార్టు చేయుట తప్పని నేను చెప్పను. ఒక్కొక్కప్పుడు అదియే తక్షణ కర్తవ్యము. కాని రీస్టార్టుతో ఆ క్షణమున ఎవరెవరు ఎన్ని కనెక్షనులు పట్టుకొని యుండిరో తెలుపు సాక్ష్యమంతయు మాసిపోవును. పని సరియైనట్లే కనబడి, కారణము తెలియకుండనే మిగిలిపోయి, పై వారము అదే వేళకు తిరిగి వచ్చును.

అప్లికేషను తన మొదటి ప్రశ్నను డేటాబేసు ముందుంచుటకు ముందు దాటవలసిన మెట్లు కొన్ని కలవు. పొరుగూరి బంధువులను చూడబోవు మనుష్యునికి ఆ ఊరు ఎక్కడున్నదో తెలియకపోవుట ఒక ఆటంకము. ఊరు చేరిన పిమ్మట ఆ ఇంటికి తాళము వేసియుండుట వేరొకటి. లోపలివారు ఎవరని విచారించి నిన్ను ఎరుగమనుట ఇంకొకటి. ఎరిగి రమ్మనినను పెండ్లివారితో ఇల్లు నిండిపోయి కూర్చుండుటకు చోటు లేకపోవుట మరియొకటి. ఈ నాలుగింటికిని ‘వెళ్లితిని, పని కాలేదు’ అని ఒకే సమాధానము తెచ్చువానికి ఏమి సాయము చేయగలము? ‘డేటాబేసు కనెక్టు కావడము లేదు’ అని సహోద్యోగికి సందేశము పంపి కూర్చుండు ఇంజనీరు పరిస్థితియు ఇట్టిదే. ఏ మెట్టు వద్ద ఆగినదో తెలిసినచో విచారింపవలసిన ప్రపంచము నాలుగవ వంతునకు కుదించుకొనిపోవును.

మొదటి మెట్టు పేరు. హోస్టు పేరును అంకెల చిరునామాగా మార్చుకొనలేకపోతినని సందేశము చెప్పినయెడల పాస్‌వర్డును గురించి గాని, డేటాబేసు ఆరోగ్యమును గురించి గాని ఆలోచించుట వ్యర్థము. అప్లికేషను ఇంకను ఇల్లు కదలలేదు. పేరులో అక్షరదోషము, పేరు తర్వాత కంటికి కనబడని ఖాళీ, పరీక్షా పరిసరములో మాత్రమే చెల్లు పేరు పొరపాటున అసలు సర్వరులోనికి వచ్చుట, ఇవియే తరచు కారణములు. వీనికన్న సూక్ష్మమైనది ‘లోకల్‌హోస్ట్’ అను పేరు కల్పించు భ్రమ. లినక్సు యంత్రములపై మైఎస్‌క్యూఎల్ క్లయింటుకు ‘లోకల్‌హోస్ట్’ అని చెప్పినచో అది నెట్‌వర్కు మార్గమున పోక, అదే యంత్రములోని సాకెట్ అను ఒక ప్రత్యేక ఫైలు ద్వారా పోవజూచును, 127.0.0.1 అని అంకెలలో చెప్పినప్పుడే పోర్టు వెంబడి పోవును. మనుష్యులమైన మనకు రెండును ఒకటే, దానికి మాత్రము రెండును వేరు. సాకెట్ ఫైలు తాను అనుకొన్నచోట లేనప్పుడు పీహెచ్‌పీ అప్లికేషను ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని 2002 సంఖ్యతో ఫిర్యాదు చేయును. అది చదివిన వారు తమ ప్రోగ్రాములో ఏ ఫైలు పోయినదో అని గంటలకొలది వెదకుట కద్దు. డాకరు వచ్చిన తర్వాత ఈ పేరు మరియొక చిక్కును తెచ్చిపెట్టినది. కంటైనరు లోపల ‘లోకల్‌హోస్ట్’ అనగా ఆ కంటైనరే. డేటాబేసు పక్క కంటైనరులో ఎంత సుఖముగా నడచుచున్నను ఇందులోనిది తన గదిలోనే దానిని వెదకి, లేదని తిరిగి వచ్చును. అక్కడ వాడవలసినది కంపోజు ఫైలులో ఆ సేవకు పెట్టిన పేరు.

పేరు దొరకి చిరునామా తెలిసిన పిమ్మట తలుపు వద్ద జరుగగల విపత్తులు రెండు. ఈ రెండింటి భేదమును ఎరిగినవాడు సగము పని ముగించినవాడు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అను సందేశము క్షణములో వచ్చును. అవతలి యంత్రము బ్రదికియే యున్నది, మన పిలుపు దానికి వినబడినది, ఆ పోర్టు వద్ద వినువాడు లేడని అది వెంటనే తిరిగి చెప్పినది. కావున ఇచ్చట విచారింపవలసినది డేటాబేసు ప్రక్రియ నడచుచున్నదా, నడచుచున్నచో మనమనుకొన్న పోర్టుననే ఉన్నదా అను రెండు ప్రశ్నలు. మైఎస్‌క్యూఎల్‌కు వాడుక పోర్టు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వరుకు 1433, ఒరాకిల్‌కు 1521; వీనిని ఎవరైనను మార్చుకొనవచ్చును గనుక వాడుకను నమ్మి ఊరకుండరాదు. డేటాబేసు నడచుచు, పోర్టు సరియై, అయినను బయటి యంత్రమునకు తిరస్కారమే ఎదురైనచో, అది తన యంత్రములోని పిలుపులను మాత్రమే వినునట్లు అమర్చబడి యుండవచ్చును. పోస్ట్‌గ్రెస్ తొలి అమరికలో అట్లే ఉండును, దానిని ‘లిజన్ అడ్రెసెస్’ అను పంక్తిలో మార్చవలెను.

‘టైమ్డ్ అవుట్’ అను రెండవ విపత్తు నిశ్శబ్దమైనది. పిలుపు పోయినది, ఔననియు కాదనియు ఎవరును చెప్పలేదు. లినక్సు తన వాడుక అమరికలో ఒక పిలుపునకు బదులు రానప్పుడు ఎడమును పెంచుచు మరల మరల పిలిచి, సుమారు రెండు నిమిషముల పిమ్మట గాని ఆశ విడువదు. అప్లికేషను తనకు వేరుగా గడువు పెట్టుకొనకపోయినచో ఆ రెండు నిమిషములును వినియోగదారుడు తిరుగుచున్న చక్రమును చూచుచు కూర్చుండవలసినదే. ఇట్టి మౌనము సాధారణముగా ఫైర్‌వాలు లక్షణము. తనకు ఇష్టము లేని ప్యాకెట్టును తిరస్కరింపక నేలపాలు చేయుట దాని అలవాటు. క్లౌడులోని సెక్యూరిటీ గ్రూపులును ఇదే స్వభావము గలవి. చిరునామాయే తప్పై, ఎవరును లేని తావునకు పిలుపు పోవుచున్నను ఇదే నిశ్శబ్దము వినబడును. ఈ భేదమును పరీక్షించుటకు టెల్‌నెట్ గాని ఎన్‌సీ గాని చాలును. హోస్టు పేరును పోర్టు సంఖ్యను ఇచ్చి తలుపు తట్టి చూచుటయే. కాని ఆ తట్టుట మీ ల్యాప్‌టాపునుండి కాక అప్లికేషను నడచుచున్న యంత్రమునుండియే జరుగవలెను. నా యంత్రమునుండి బాగుగనే పోవుచున్నదని వాదించువాడు తన దారిని పరీక్షించి వేరొకరి దారి సుగమమని చెప్పుచున్నాడు. పింగు బదులు పలికినంత మాత్రమున పోర్టు తెరచియున్నదనియు, పలుకనంత మాత్రమున మూసియున్నదనియు నిశ్చయింపరాదు. పింగు వాడు మార్గము వేరు, దానిని మాత్రమే మూసివేయు నిర్వాహకులు కలరు.

డేటాబేసు ప్రక్రియయే ఆగిపోయినదని తేలినచో లేపుటకు ముందు ఎందుకు పడినదో దాని లాగులో చూడుడు. అద్దె తక్కువగా ఉన్న చిన్న సర్వరులపై ఇందుకు రెండే కారణములు తరచు ఎదురగును. డిస్కు నిండిపోవుట ఒకటి. మెమరీ చాలక, లినక్సు కెర్నలు తనను తాను రక్షించుకొనుటకై అందరికన్న ఎక్కువ మెమరీ తినుచున్న ప్రక్రియను చంపివేయుట రెండవది. ఆ ఎక్కువ తినునది చాలవరకు డేటాబేసే కావుట దాని దురదృష్టము. అట్టి చోట మరల ప్రారంభించినను గంటకో రోజుకో మరల పడును.

తలుపు తెరచిన పిమ్మట ఎవరు నీవను ప్రశ్న వచ్చును. మైఎస్‌క్యూఎల్‌లో 1045 సంఖ్యతో ‘యాక్సెస్ డినైడ్’ అను సందేశము వచ్చుట శుభసూచకమని చెప్పినచో చదువరులు నవ్వవచ్చును గాని, అది నిజము; పేరు, చిరునామా, పోర్టు, ఫైర్‌వాలు, ప్రక్రియ ఇవన్నియు నిర్దోషములని ఆ ఒక్క సందేశము ధ్రువపత్రము ఇచ్చుచున్నది. దాని చివర ‘యూజింగ్ పాస్‌వర్డ్’ అను మాటలును, వాని పక్కన ‘ఎస్’ అనియో ‘నో’ అనియో ఒక చిన్న పదమును ఉండును. ఈ సందేశములో ఇంతకన్న విలువైన పదము లేదు. ఇంతకన్న తక్కువగా చదువబడు పదమును లేదు. ‘నో’ అని ఉన్నచో అప్లికేషను అసలు పాస్‌వర్డే పంపలేదని అర్థము. అప్పుడు మీరు పాస్‌వర్డును పదిమార్లు మార్చినను ప్రయోజనము శూన్యము, ఏలయన పరిసర చరములు గల ఫైలు లోడు కాలేదు, లేదా అందులోని పేరునకును కోడు అడుగు పేరునకును పొత్తు కుదరలేదు. ‘ఎస్’ అని ఉన్నచో పంపిన పాస్‌వర్డు తప్పు కావచ్చును, లేదా ఆ వాడుకరికి ఆ తావునుండి వచ్చుటకు అనుమతి లేకపోవచ్చును. మైఎస్‌క్యూఎల్ దృష్టిలో వాడుకరి అనగా పేరు మాత్రమే కాదు, పేరును అతడు వచ్చు తావును కలిసి ఒక వ్యక్తి. లోకల్‌హోస్టునుండి వచ్చు రాముడును పొరుగు యంత్రమునుండి వచ్చు రాముడును దానికి ఇరువురు; ఒకరి పాస్‌వర్డు మరియొకరికి చెల్లనక్కరలేదు. అప్లికేషనును కొత్త సర్వరునకు మార్చిన నాడు ఈ దోషము తలయెత్తుట ఇందుచేతనే.

పాస్‌వర్డు సరియైనదై, చేతితో క్లయింటులో వ్రాసినప్పుడు చెల్లుచు, అప్లికేషనులో మాత్రము చెల్లకపోయినచో, అందులో ఎట్ గుర్తు గాని, ఏటవాలు గీత గాని, హ్యాష్ గుర్తు గాని ఉన్నదేమో చూడవలెను. కనెక్షను వివరములన్నియు ఒకే యూఆర్‌ఎల్‌గా వ్రాయునప్పుడు పాస్‌వర్డునకును హోస్టు పేరునకును నడుమ సరిహద్దు ఎట్ గుర్తే. పాస్‌వర్డులోనే అది యున్నచో పాస్‌వర్డు తోక హోస్టు పేరునకు అతుకుకొనిపోయి, ఎక్కడను లేని సర్వరును అప్లికేషను వెదకనారంభించును. అప్పుడు ఆ గుర్తునకు బదులుగా శాతము గుర్తును దాని పక్కన 40 అను అంకెను వ్రాయవలెను. ఇట్టివి గాక తరముల భేదముచే వచ్చు తగవులును కలవు. 2018లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ 8.0 వాడుకరులను గుర్తుపట్టు పద్ధతినే మార్చివేసినది. పాత లైబ్రరీలు కొత్త పద్ధతిని ఎరుగక, సరియైన పాస్‌వర్డు చేతనుంచుకొని కూడ గడప దాటలేకపోయినవి. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరు ఎక్కడనుండి ఏ పద్ధతిన రావచ్చునో పీజీ హెచ్‌బీఏ అను ఫైలు నిర్ణయించును. అది పై నుండి క్రిందికి చదువబడును, సరిపోలిన మొదటి పంక్తియే శాసనము. మీరు అడుగున చేర్చిన అనుమతి ఎంత ఉదారమైనదైనను పైన ఒక నిషేధపు పంక్తి సరిపోలినచో అది చదువబడనే చదువబడదు. మార్చిన పిమ్మట ఆ ఫైలును మరల చదువుమని సర్వరునకు చెప్పుట మరువరాదు.

ఈ మెట్టు వద్దనే మంచి ఇంజనీరులును ధర్మము తప్పుచున్నారు. విసుగు హద్దు మీరినప్పుడు, ఎట్లైనను పని జరుగనిమ్మని, ఏ తావునుండి వచ్చినను సరియేనని సూచించు శాతము గుర్తుతో సర్వాధికారములను ఒక వాడుకరికి ధారపోయుట, సెక్యూరిటీ గ్రూపును 0.0.0.0/0 అని లోకమంతటికిని తెరచుట, రూటు ఖాతాతోనే అప్లికేషనును నడుపుట జరుగుచున్నది. దోషము మాయమగును, ఎందుచేత మాయమైనదో తెలియదు, తాత్కాలికమనుకొన్నది శాశ్వతమై కూర్చుండును. ఇంటర్నెట్టునకు తెరచియున్న 3306వ పోర్టును అపరిచితులు తట్టుటకు ఎక్కువ కాలము పట్టదు. పరీక్షకొరకు ద్వారమును విశాలముగా తెరువక తప్పదన్నచో దానిని మరల మూయవలసిన గడియను అప్పుడే కాగితముమీద వ్రాసికొని, ఆ గడియకు మూయవలెను. ఒక గంట తొందర తగ్గించుకొనుటకై ఒక సంస్థ రహస్యములన్నిటిని పణముగా ఒడ్డుట నా దృష్టిలో సామర్థ్యము కాదు.

ఇక అన్నిటికన్న విస్తారమైన ప్రకరణము ‘టూ మెనీ కనెక్షన్స్’. పరీక్షాఫలితములు వెలువడు ఉదయమున లక్షలమంది విద్యార్థులు ఒక్కమారుగా ఒక సైటుపై పడునప్పుడు ఏమగునో తెలుగువారికి వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. మైఎస్‌క్యూఎల్ వాడుక అమరికలో ఒకేసారి అనుమతించు కనెక్షనులు 151. పోస్ట్‌గ్రెస్‌లో 100, అందులోను మూడు ప్రధాన నిర్వాహకునికై కేటాయింపబడినవి. ఈ హద్దు దాటిన నాడు అందరును చేయు మొదటి పని ఆ సంఖ్యను పెంచుట. ఇది ఎల్లప్పుడును తప్పు కాదు గాని తరచు తప్పు. పోస్ట్‌గ్రెస్ ఒక్కొక్క కనెక్షనునకు ఒక్కొక్క ప్రత్యేక ప్రక్రియను సృష్టించును. వేయి కనెక్షనులనగా వేయి ప్రక్రియలు, వాని మెమరీ, వాని నడుమ ప్రాసెసరు వంతులు పంచుకొను ప్రయాస. సంఖ్య పెంచినందున రద్దీ తలుపు బయటినుండి ఇంటి లోపలికి చేరును, అంతియే.

నిజముగా ఎన్ని కనెక్షనులు కావలెను? ఇందుకు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సిద్ధాంతము ఒకటి కలదు. ఒక వ్యవస్థలో సగటున ఉండువారి సంఖ్య, వారు వచ్చు వేగమును ఒక్కొక్కరు గడుపు కాలముతో గుణించినంత. సెకనుకు 200 అభ్యర్థనలు వచ్చుచు, ఒక్కొక్కటి డేటాబేసును 20 మిల్లీసెకనులు పట్టుకొనుచున్నచో, సగటున పనిలో ఉండు కనెక్షనులు నాలుగే. ఒడుదుడుకులకై రెట్టింపు, మూడు రెట్లు వేసికొన్నను పన్నెండు. ఈ గుణకారము చేసి చూడనివారు నాలుగు వందల కనెక్షనులు కోరుచుందురు. అదే ప్రశ్న ఒక సూచిక లోపించి 20 మిల్లీసెకనులకు బదులు 2 సెకనులు తీసికొన్ననాడు, అదే రద్దీకి నాలుగు వందలు కావలసివచ్చును. అప్పుడు దోషము కనెక్షనులలో కనబడుచున్నను దాని నివాసము మందగించిన ఆ ఒక్క ప్రశ్నలో. లక్షణము ఒకచోట, కారణము వేరొకచోట ఉండుట ఇంత స్పష్టముగా మరెక్కడను నాకు కనబడలేదు.

జావా ప్రపంచమున విరివిగా వాడబడు హికారీ అను కనెక్షన్ పూల్ వాడుక అమరికలో పది కనెక్షనులను మాత్రమే ఉంచుకొని, ఖాళీ దొరకనివారిని 30 సెకనులు నిలిపి, పిమ్మట దోషము చెప్పును. ఇచ్చట గ్రహింపవలసినది, ఆ దోషము చెప్పినది డేటాబేసు కాదు, మన ఇంటిలోని పూల్. అవతల డేటాబేసు నిద్రించుచుండవచ్చును. అట్టి నాడు అప్లికేషను కోడులో కనెక్షను తీసికొని తిరిగి ఇయ్యని తావు ఎక్కడనో ఉన్నదని అనుమానింపవలెను. ముఖ్యముగా దోషము వచ్చినప్పుడు మాత్రమే నడచు దారులలో వెదకవలెను. అంతా సవ్యముగా జరిగినప్పుడు కనెక్షనును మూయు కోడు, నడుమ ఒక ఎక్సెప్షను తలయెత్తినప్పుడు మూయకుండ దాటిపోవుట అతి సామాన్యము. రోజునకు ఒకటి రెండు చొప్పున కారిపోయి, వారము దినములకు పూల్ ఖాళీయగును. అందరును సోమవారపు రద్దీని నిందింతురు. డేటాబేసు వైపునుండి చూచుటకు మైఎస్‌క్యూఎల్‌లో ప్రాసెస్ జాబితాయు, పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అను పట్టికయు కలవు. ఏమియు చేయక నిద్రించుచున్నవి వందలుగా కనబడినచో అవి ఎవరివో విచారింపుడు. లావాదేవీ తెరచి మధ్యలో విడిచిపెట్టి ఊరకయున్నవి కనబడినచో ఇంకను త్వరగా విచారింపుడు, ఏలయన అవి తాళములు కూడ పట్టుకొని యుండవచ్చును. ఇంకొక లెక్క తరచు మరువబడును: ఇరువది కనెక్షనుల పూల్ గల అప్లికేషనును పది ప్రతులుగా నడిపినచో డేటాబేసు చూచునది ఇరువది కాదు, రెండు వందలు.

తెల్లవారి మొదటి అభ్యర్థనకు మాత్రమే వచ్చి, పేజీని మరల తెరచినంతనే మాయమగు దోషము ఒకటి కలదు. మైఎస్‌క్యూఎల్ 28800 సెకనులు, అనగా ఎనిమిది గంటలు, మౌనముగా ఉన్న కనెక్షనును తానే మూసివేయును. రాత్రి ఎవరును రాని అప్లికేషనులో పూల్ తన వద్దనున్న కనెక్షను ఇంకను సజీవమని నమ్మి దానిని ఉదయమున మొదటి వానికి ఇచ్చును. ‘సర్వర్ హాజ్ గాన్ అవే’ అను సందేశము అప్పుడు పుట్టును. నడుమనున్న నెట్‌వర్కు పరికరములు ఇంతకాలము కూడ ఆగవు. అమెజాను వారి నాట్ గేట్‌వే 350 సెకనులు కదలిక లేని సంబంధమును మరచిపోవును. కావున పూల్‌లో ఒక కనెక్షను జీవితకాలమునకు పెట్టు హద్దును, నడుమ నున్న ప్రతివాని ఓపికకన్న తక్కువగా ఉంచవలెను. అయితే ఇదే సందేశము, పెద్ద చిత్రమునో ఫైలునో ఒకే ప్రశ్నలో పంపి అనుమతించిన ప్యాకెట్టు పరిమాణమును మించినప్పుడును వచ్చును. ఉదయమున మాత్రమే వచ్చుచున్నదా, పెద్ద ఫైలు ఎక్కించినప్పుడు మాత్రమే వచ్చుచున్నదా అని కాలమును సందర్భమును గమనించినవానికి ఈ రెండును వేరుపడును.

ఏ మెట్టు వద్ద విచారణ జరిగినను ఒక నియమము విడువరాదు: ఒకమారు ఒక్క మార్పు మాత్రమే. ఫలించనిచో దానిని పూర్వస్థితికి తెచ్చిన పిమ్మటనే రెండవది. చేసిన ప్రతి మార్పును గడియతో సహా ఒక పంక్తి వ్రాసికొనుట మందగమనమువలె కనబడును గాని, రాత్రి రెండు గంటలకు హైదరాబాదునుండి పనిని సియాటిల్‌లోని సహచరునికి అప్పగింపవలసి వచ్చినప్పుడు ఆ పది పంక్తులు ఒక గంట సంభాషణను తప్పించును. నిన్న నడచినది నేడు నడువకపోయినచో నిన్నటికి నేటికి నడుమ ఏమి మారినదని అందరిని అడుగుడు. ఏమియు మార్చలేదని వచ్చు మొదటి సమాధానమును మర్యాదగా విని, డిప్లాయ్‌మెంటు చరిత్రను, సర్టిఫికెట్టు గడువు తేదీని, పాస్‌వర్డులను తనంత తాను మార్చు ఏర్పాటును స్వయముగా చూడుడు.

అప్లికేషను తానుగా మరల ప్రయత్నించునట్లు వ్రాయుట మంచిదే, కాని ఆ ప్రయత్నమునకు మర్యాద ఉండవలెను. డేటాబేసు పడి లేచిన మరుక్షణమున యాబది ప్రతులు ఆగకుండ ఒక్కమారుగా దానిని పిలిచినచో అది మరల పడును. ప్రతి విఫలయత్నము పిమ్మట ఎడమును రెట్టించుచు, ఆ ఎడములో కొంత యాదృచ్ఛికతను కలిపి, కొన్ని యత్నముల తర్వాత ఆగవలెను. పాస్‌వర్డు తప్పైనందున వచ్చిన దోషమునకు మాత్రము మరల ప్రయత్నించుట అర్థరహితము; మరల పంపినంత మాత్రమున తప్పు పాస్‌వర్డు ఒప్పు కాదు.

ఈ వ్యవహారమంతయు జరుగుచున్నప్పుడు తెరకు అవతల ఒక మనుష్యుడు కూర్చుండియున్నాడు. అతనికి మీ హోస్టు పేరును వాడుకరి పేరును చూపు దోషపంక్తులు అనవసరము; దుర్మార్గునకు మాత్రము అవి మిక్కిలి ఉపయోగకరములు. వానిని లాగులో ఉంచి, అతనికి 503 అను స్థితిసంఖ్యతో, ‘సేవ తాత్కాలికముగా ఆగినది. మీరు చెల్లించిన రుసుము నమోదైనదో కాదో ఖాతాలో చూచుకొని, మరల చెల్లించుటకు ముందు కొంతసేపు ఆగుడు’ అని తెలుగులో రెండు వాక్యములు చూపుడు. ఎంతసేపటికి మరల రావలెనో తెలుపు రిట్రై ఆఫ్టర్ అను హెడరును ఆ సమాధానమునకు చేర్చినచో, మర్యాద యెరిగిన యంత్రములును ఆ గడువువరకు వేచియుండును.